వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, మత్స్య సహకార సంఘాల అన్నలకు, కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలకు, యువజన సంఘాల తమ్ముళ్లకు నమస్కారం.

లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగిసింది కాబట్టి 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు నిబంధన ప్రకారం ఈ నివేదికలోకి రాదు. అయినా దాని గురించి మాట్లాడకుండా మొదలుపెట్టలేను. నలభై మందికి పైగా కార్మికులు ఒక్క పూటలో పోయారు. వాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. ఆసుపత్రి గేటు దగ్గర వాళ్ల వాళ్లు ఫోటోలు పట్టుకుని నిలబడితే, వాళ్లతో మాట్లాడడానికి మనలో హిందీ వచ్చినవారిని వెతుక్కోవాల్సి వచ్చింది. సంగారెడ్డి జిల్లాలో ఇన్ని సంఘాలు కలిసిన మన సమాఖ్యలో, ఇన్నేళ్లయినా, వలస కార్మికుల సంఘం ఒక్కటి కూడా లేదని నాకు ఆ గేటు దగ్గరే తట్టింది. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలని కోరుతున్నాను.

ఇక నివేదిక. మన సమాఖ్య ఆశయాలు మీకు తెలిసినవే, నిబంధనావళి మొదటి పేజీలో ఉన్నాయి, మళ్లీ చదవను. ఈ ఏడాది కార్యవర్గం నెలనెలా కూర్చుంది. రెండుసార్లు కోరం లేక వాయిదా పడింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ప్రజాభిప్రాయ సేకరణ

ఈ ఏడాది మనం చెప్పుకోదగ్గ పని ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఓపిక పట్టండి.

జిన్నారం వైపు ఒక గ్రామంలో ఒక మందుల కంపెనీ విస్తరణకు దరఖాస్తు పెట్టింది. విషయం ఇంకా పరిశీలనలో ఉంది కాబట్టి కంపెనీ పేరూ ఊరి పేరూ కాగితం మీద పెట్టడం లేదు. అందరికీ తెలిసిందే. ముందే అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల వచ్చే యూనిట్లకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషనే మినహాయింపు ఇచ్చింది. కోవిడ్ సమయంలో 2020లో బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లకు కొంతకాలం ఇంకో సడలింపు కూడా వచ్చింది, అప్పుడూ జనాన్ని అడగలేదు. అందువల్ల మన ప్రాంతంలో ఇన్ని ఫ్యాక్టరీలు ఉన్నా, మైకు పట్టుకుని మాట్లాడే అవకాశం దొరకడం అరుదు. ఈ యూనిట్ పార్కు బయట ఉంది కాబట్టి దొరికింది.

నోటీసు సద్దుల బతుకమ్మకు ముందు వారంలో పత్రికలో పడింది. నిబంధన ప్రకారం కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి. వేశారు, కాదనను. కానీ టెండరు ప్రకటనల మధ్య, అగ్గిపెట్టెంత స్థలంలో వేశారు. మన సంయుక్త కార్యదర్శి నాలుగు రోజుల తర్వాత మిర్చి బజ్జీల పొట్లం విప్పుతూ దాన్ని చూశారు. నూనె మరక పడిన ఆ ముక్క ఫైల్లో అలాగే ఉంది. ఆయన ఆ పూట బజ్జీలు తిని ఉండకపోతే ఈ నివేదికలో ఈ భాగం ఉండేది కాదు. అయినా ముప్పై రోజుల్లో నాలుగు పోయాయి. ఆడవాళ్లలో సగం మంది పండక్కి పుట్టిళ్లకు వెళ్లారు. పండగ వారం ఇంకొన్ని రోజులు మింగింది.

పర్యావరణ ప్రభావ నివేదిక కాపీ కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, పరిశ్రమల కేంద్రంలో, గ్రామ పంచాయతీలో జనం చూసేలా పెట్టాలి. మేము ఒక ఆఫీసుకు మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి సారు మీటింగులో ఉన్నారు. రెండోసారి సారు లీవులో ఉన్నారు, బీరువా తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. మూడోసారి బీరువా తెరిచారు గానీ జిరాక్సుకు బయటికి ఇచ్చేది లేదన్నారు. డిగ్రీ కాలేజీ పిల్లలు ఇద్దరు అక్కడే నేల మీద కూర్చుని ఫోన్లతో పేజీ పేజీ ఫోటో తీశారు. నాలుగు వందల పైచిలుకు పేజీలు. ఒక ఫోన్ మధ్యలోనే నిండిపోయింది, ఆ పిల్లాడు తన పెళ్లి వీడియోలు చెరిపేసి మిగతావి తీశాడు. పెళ్లి తనది కాదు, వాళ్ల అన్నది. ఇంట్లో తిట్లు పడ్డాయట.

ఇంగ్లిషు నివేదికను ఆరుగురం పంచుకుని చదివాం. నేను ముప్పై ఏళ్లు సబ్‌సెంటర్లలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆరోగ్యం అధ్యాయం నా వాటాకు వచ్చింది. తెలుగు సారాంశం పద్దెనిమిది పేజీలు. దాన్ని మన తెలుగు పండితులు మాస్టారు రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, "ఇది తెలుగు లిపిలో ఉందమ్మా, తెలుగులో లేదు" అన్నారు. ఆ పద్దెనిమిది పేజీలను ఆయన ఏడు పేజీల మామూలు తెలుగులోకి దించారు. ఆ ఏడు పేజీలే మన ఆయుధం. ఇంటింటికీ పంచినవి అవే.

చెరువు సంగతి కూడా ఆ చదవడంలోనే బయటపడింది. ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల లోపు ఉన్న జలవనరుల పట్టికలో దగ్గరి చెరువు మూడు కిలోమీటర్లకు పైన ఉన్నట్టు రాశారు. ఊరి చెరువు కిలోమీటరు కూడా లేదు. పట్టికలో దాని పేరే లేదు. ఇంగ్లిషులోనూ లేదు, తెలుగులోనూ లేదు. మత్స్య సంఘం అధ్యక్షుడికి ఇది చెబితే ఆయన ముందు నమ్మలేదు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత కోపం వచ్చింది. సంఘం లైసెన్సు, శిఖం భూమి (చెరువు నేల) సర్వే నంబరు ఉన్న పహాణీ (భూమి రికార్డు) నకలు, ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదిలినప్పటి రశీదులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చాడు. 2016లో మొదలైన ఆ పథకం కింద ప్రభుత్వమే ఆ చెరువులో పిల్లలు వదిలింది. అంటే ఒక శాఖకు కనిపించిన చెరువు ఇంకో కాగితంలో మాయమైంది.

మాట్లాడేవాళ్లకు మన ఆఫీసు గదిలో, అంటే ఫంక్షన్ హాలు వెనక ఉన్న ఆ రేకుల గదిలో, నాలుగు సాయంత్రాలు రిహార్సల్ పెట్టాం. పదకొండు సంఘాల నుంచి పదకొండు మంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఒక్కటే అంశం. గోడకు ఒక అట్ట తగిలించాం: "ఏడవొద్దు, తిట్టొద్దు, పేజీ నంబరు చెప్పండి." ఎందుకంటే ఇదివరకు ఇలాంటి సభలకు వెళ్లి మనం చేసింది అరవడమే. అరిచింది కాగితం మీదకు వచ్చేసరికి "ప్రజలు అభ్యంతరం తెలిపారు" అని ఒక్క ముక్కగా మిగిలేది. పేజీ నంబరు చెబితే దానికి జవాబు రాయక తప్పదు. అట్ట మీది మాటకు ఒక ముసలమ్మ అడ్డు చెప్పింది. "ఏడుపొస్తే ఏం జెయ్యాలె నర్సమ్మా?" అంది. "పేజీ నంబరు చెప్పినంక ఏడువు" అన్నాను. ఆమె అలాగే చేసింది.

నవంబరులో సభ జరిగింది. అదే వారం ఇంటింటి కుటుంబ సర్వే మొదలై, మన వాళ్లలో టీచర్లకు, అంగన్‌వాడీ అక్కలకు డ్యూటీలు పడ్డాయి. ఇద్దరు వక్తలు ఆఖరి నిమిషంలో రాలేకపోయారు, వాళ్ల బదులు వేరేవాళ్లకు రాత్రికి రాత్రి నేర్పాం. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. పొద్దున్నే వెళ్లేసరికి షామియానా కింద ముందు వరుసలన్నీ నిండి ఉన్నాయి. మన మండలంలో నేనెప్పుడూ చూడని ముఖాలు. బస్సుల్లో వచ్చారు, బిర్యానీ పొట్లాలు తిన్నారు, "ఉద్యోగాలొస్తాయి" అని నలుగురు ఒకే వాక్యం చెప్పి వెళ్లారు. వాళ్లను నిందించను, పిలిస్తే వచ్చారు. ఉద్యోగాలు మన పిల్లలకూ కావాలి. ఆ మాట కూడా మన పదకొండు మందిలో ఒకరు చెప్పారు: స్థానికులకు ఎన్ని ఉద్యోగాలో ఫలానా పేజీలో అంకె ఉంది, పర్మినెంటా కాంట్రాక్టా అన్నది లేదు, అది రాయండి, అని.

బోరు నీళ్ల రంగు గురించి రైతు, రాత్రి పన్నెండు దాటాక వచ్చే ఘాటు వాసన గురించి మహిళా సంఘం, బడి రోడ్డు మీద ట్యాంకర్ల గురించి యువజన సంఘం మాట్లాడారు. ఆఖరున మత్స్య సంఘం అధ్యక్షుడు లేచాడు. ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు. పేజీ నంబరు చెప్పాడు. ఆ తర్వాత రిహార్సల్లో లేని మాట ఒకటి అన్నాడు:

"మా చెరువు మీ కాయితంల లేదంటున్నరు సారూ. మరి నేను నిన్న పట్టిన చాపలు ఏడివి?"

షామియానా అంతా, ముందు వరుసల వాళ్లతో సహా, చప్పట్లు కొట్టింది. అధ్యక్షత వహించిన అధికారి నవ్వలేదు. ఆ నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు వైపు తిరిగి పేజీ తీయమన్నారు. కన్సల్టెంటు అటు తిప్పి ఇటు తిప్పి "సరిచేస్తాం సార్" అన్నారు. "సరిచేస్తామన్నది కాదు, చెరువు లేదన్న మాట కూడా మినిట్స్‌లో రాయండి" అని ఆ అధికారి చెప్పారు. ఆ ఒక్క మాటకు వారికి ఈ సభ ముఖంగా కృతజ్ఞతలు.

సభ అయ్యాక మినిట్స్‌ను స్థానిక భాషలో అక్కడికక్కడే చదివి వినిపించాలన్నది నిబంధన. చాలామందికి ఇది తెలియదు, తెలిసినవాళ్లు అప్పటికి ఆకలితో వెళ్లిపోతారు. మనవాళ్లు పదిహేను మంది సాయంత్రం దాకా కదలకుండా కూర్చున్నారు. చదువుతుంటే మన పదకొండు అంశాల్లో తొమ్మిదే వినిపించాయి. లేచి అడిగితే ఒకటి అక్కడే చేర్చారు. రెండోది, రాత్రి వాసన సంగతి, మర్నాడు రాతపూర్వకంగా రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. రశీదు ఫైల్లో ఉంది.

ఫలితం ఏమిటని అందరూ అడుగుతున్నారు. అనుమతి ఆగిపోలేదు, వచ్చేయనూ లేదు. చెరువు నీళ్ల వివరాలు, చేపల వివరాలు కొత్తగా సేకరించి ఇవ్వమని కంపెనీని అడిగారని మార్చిలో తెలిసింది. ఇంతవరకే. సభ రోజు టీవీ మైకు ముందు "నా వల్లే చెరువు బతికింది" అని ఒక నాయకుడు చెప్పుకోవడం మీరూ చూసే ఉంటారు. ఆయన సభకు వచ్చింది బిర్యానీ వేళకు. పనిచేసింది ఈ పదకొండు సంఘాలు, ఆ ఏడు పేజీలు రాసిన మాస్టారు, ఆ పెళ్లి వీడియోలు పోగొట్టుకున్న పిల్లాడు. ఈ సంగతి రికార్డులో ఉండాలనే ఇంత పొడుగ్గా రాశాను.

ముసాయిదాల మీద మన అభిప్రాయాలు

మన సమాఖ్య ఎందుకు పుట్టిందో కొత్త సభ్యుల కోసం రెండు మాటలు. పటాన్‌చెరు కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆ తర్వాత గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. డాక్టర్ అల్లాని కిషన్ రావు గారి వంటి పెద్దలు జీవితకాలం దీని మీద పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ఇక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. సబ్‌సెంటర్లో జ్వరానికి, విరేచనాలకు మేము ఇచ్చిన బిళ్లలోని మందే అది. వాగులో అంత మందు పారితే, ఆ మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. ఆ తర్వాత బిళ్ల వేసినా జ్వరం దిగదు.

దీని మీద కేంద్రం 2020 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. ఫ్యాక్టరీ వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంత దాటకూడదో పరిమితులు పెట్టింది. అభిప్రాయాలు చెప్పమంది. మన వాగు గురించిన కాగితం అది. మన ఊళ్లలో ఒక్కరికీ తెలియలేదు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. మనం ఉత్తరం రాసి ఉంటే ఉండేవని నేను అనను. కానీ పరిశ్రమల వాళ్లు రాశారు, వాగు పక్కన ఉన్న మనం రాయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు గానీ, ఆకులు ఎక్కడున్నాయో కూడా అప్పుడు తెలియదు.

అందుకే గడువు తేదీల కాలెండరు పెట్టుకున్నాం. 2024 డిసెంబరులో ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ముసాయిదా వచ్చింది, అరవై రోజుల గడువు. తడి, పొడి అని రెండు బుట్టలకే అలవాటు పడని మనకు ఇకపై నాలుగు రకాలుగా వేరు చేయమంది: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. మాస్టారు మళ్లీ కూర్చున్నారు, నాలుగు పేజీల తెలుగు సారాంశం తయారైంది. నాలుగు చోట్ల కూర్చుని మాట్లాడాం. పారిశుద్ధ్య కార్మికుల కూటమి దగ్గర జరిగిన చర్చ అన్నిటికంటే బాగుంది. "డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి ఇయ్యమని నిబంధన పెడితే సరిపోతదా, చుట్టకపోతే తీసుకోనని చెప్పే హక్కు మాకు ఇయ్యుండ్రి" అని ఒక అమ్మ అడిగింది. మన ఉత్తరంలో మొదటి అంశం అదే.

అడుగులోనే హంసపాదు ఒకటి జరిగింది, దాచను. గడువుకు రెండు రోజుల ముందు ఈమెయిల్ పంపితే వెనక్కొచ్చింది. మేము చెత్త కుప్పల ఫోటోలు ముప్పై దాకా జత చేశాం, బరువెక్కువైంది. ఫోటోలు తీసేసి మళ్లీ పంపాం, స్పీడ్ పోస్టులోనూ వేశాం. ఇకమీదట ఫోటోలు ఐదుకు మించకూడదని తీర్మానం.

ముసాయిదాలు తెలుగులో ఇవ్వాలన్న మన డిమాండ్ కొత్తది కాదు. 2020లో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా వచ్చినప్పుడు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషలన్నిటిలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. ఆ ఆదేశాన్ని మన ప్రతి ఉత్తరంలో గుర్తుచేస్తూనే ఉన్నాం. అంతవరకు మాస్టారి కళ్లజోడే దిక్కు.

గ్రామ ఆరోగ్య కమిటీలు

ప్రతి గ్రామానికి ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. దానికి ఏటా పది వేల రూపాయల వరకు ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకునే నిధి ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ రిజిస్టర్లు నేనూ రాశాను కాబట్టి లోపల ఏముంటుందో తెలుసు. ఈ ఏడాది మన సభ్య సంఘాలున్న గ్రామాల్లో రిజిస్టర్లు చూపించమని అడిగాం. ఒక ఊళ్లో కమిటీ సభ్యురాలిగా పేరున్న మహిళా సంఘం లీడరు మా పక్కనే కూర్చుని ఉంది. తాను సభ్యురాలినని ఆమెకు అప్పుడే తెలిసింది. మూడేళ్లుగా సంతకాలు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆమె వేలిముద్ర వేస్తుంది, సంతకం రాదు.

ఇంకో చిక్కు. 2024 ఫిబ్రవరితో సర్పంచుల పదవీకాలం ముగిసింది, ఈ లెక్కల సంవత్సరంలో ఎన్నికలు జరగలేదు. పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే నడిచాయి. ఒక్కొక్కరికి నాలుగైదు ఊళ్లు, పైగా సొంత శాఖ పని. కమిటీ కూర్చోమంటే ఎవరు పిలవాలి? పంచాయతీ కార్యదర్శిని అడిగితే ప్రత్యేకాధికారి అన్నారు, ఆయన్ని అడిగితే ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన ఒకాయన "సర్పంచ్ వచ్చినంక చూద్దాం" అన్నారు. దోమలు సర్పంచ్ కోసం ఆగుతాయా? డెంగీ కేసులు వచ్చినప్పుడు ఆశా కార్యకర్తలు, మన యువజన సంఘం పిల్లలు కలిసి టైర్లు, కొబ్బరి చిప్పలు ఏరారు. కమిటీ కాగితం మీదే ఉంది.

సమాచార హక్కు చట్టం, అదే ఆర్టీఐ, ఒక్కటి పనికొచ్చింది. గ్రామ స్థాయిలో అడిగితే ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనం వేసిన వాటిలో కొన్నిటికి మంచి జవాబులే వచ్చాయి. ఒక ఆఫీసు "కోరిన సమాచారం అందుబాటులో లేదు" అని ఒకే వాక్యం రాసింది. మనం అడిగింది వాళ్లు ఖర్చు పెట్టిన డబ్బు లెక్క. అప్పీలు వేశాం.

గాలి

దేశంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో పటాన్‌చెరు, సంగారెడ్డి ఉన్నాయి. బొల్లారంలో, పాశమైలారంలో, ఇక్రిశాట్ పరిశోధన సంస్థ దగ్గర గాలిని నిరంతరం కొలిచే యంత్రాలు ఉన్నాయి. రెండు హైస్కూళ్లలో పిల్లలు ఆ అంకెలు రోజూ నల్లబల్ల మూలన రాయడం మొదలుపెట్టారు. సైన్సు టీచరమ్మకు ధన్యవాదాలు. గాలిలోని సన్నటి ధూళి, అంటే పీఎం-10, ఏడాది సగటున ఘనపు మీటరుకు అరవై మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణమని ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లాడు చెబుతున్నాడు. అయితే మన వాళ్ల ఫిర్యాదు ధూళి గురించి కాదు, అర్ధరాత్రి వాసన గురించి. ధూళి అంకె బాగున్న రాత్రే కిటికీలు మూసుకోవాల్సి వస్తోంది. అందుకని ఏ ఇంట్లో, ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్న వాసన డైరీలు ఇచ్చాం. నలభై ఇళ్లకు ఇస్తే ఆరు తిరిగొచ్చాయి. మిగతావి పాల లెక్కలు రాసుకోవడానికి వాడుతున్నారని విన్నాను.

సభ్య సంఘాల కాగితాలు, భయాలు

ఈ ఏడాది మూడు సంఘాలు మాతో సభకు రావడానికి వెనకాడాయి. ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాట్లాడితే రిజిస్ట్రేషన్ పోతుందని వాళ్లకు ఎవరో చెప్పారట. మళ్లీ చెబుతున్నాను. ప్రజాభిప్రాయ సేకరణకు ప్రభుత్వమే మనల్ని పిలుస్తుంది. ముసాయిదా మీద అభిప్రాయం ప్రభుత్వమే అడుగుతుంది. పిలిచిన చోట మాట్లాడడం తప్పు కాదు. అసలు ప్రమాదం మన బద్ధకంతోనే. 2001 సొసైటీల చట్టం కింద ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గ జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఏళ్ల తరబడి ఇవ్వని సంఘాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు అడిగేది అదే. రిటైరైన ఆడిటరు గారు రెండు ఆదివారాలు ఉచితంగా కూర్చుని పాత బాకీ కాగితాలు సరిచేశారు. ఇంకా మిగిలినవాళ్లు వచ్చే నెల మొదటి ఆదివారం మినిట్స్ పుస్తకం, పాన్ కార్డు తీసుకుని రండి. పుస్తకం పోయిందని మాత్రం చెప్పకండి, ఇప్పటికి నలుగురు చెప్పారు.

రానివాళ్ల గురించి

కార్యదర్శి నివేదికలో ఇలాంటివి రాయకూడదని అధ్యక్షుల వారు అన్నారు. ఒక్క పేరా రాస్తానని ఒప్పించాను.

మన వాట్సాప్ గ్రూపులో ప్రజాభిప్రాయ సేకరణ మెసేజ్ కింద వందకు పైగా బొటనవేళ్లు లేచాయి. సభకు వచ్చిన బొటనవేళ్లు లెక్కపెడితే నలభై దాటలేదు. వాలంటీర్ల జాబితాలో పేరు రాయించుకుని, టీ షర్టు తీసుకుని, ఆ తర్వాత కనబడనివాళ్లు ఉన్నారు. ఆ టీ షర్టు వేసుకుని జొన్న రొట్టె తింటున్న ఫోటో ఒకటి ఫేస్‌బుక్‌లో చూశాను. సంతోషం. ఉద్యోగాలు, పిల్లల చదువులు, అమ్మానాన్నల ఆసుపత్రులు అందరికీ ఉన్నాయి. రాలేనని ఒక్క ముక్క ముందు చెబితే ఇంకొకరిని పిలుచుకుంటాం. కోరం లేక వాయిదా పడ్డ రెండు సమావేశాలకు గేటు తీయించి, టీ పెట్టించి, ఖాళీ కుర్చీలతో మాట్లాడి వచ్చాను. టీ వృథా కాలేదు, ఫంక్షన్ హాలు వాచ్‌మన్ కుటుంబం తాగింది.

లెక్కలు

ఆడిట్ అయింది. సభ్యత్వ రుసుములు, చందాలే ఆదాయం. విదేశీ విరాళం ఏదీ తీసుకోలేదు, తీసుకునే అనుమతీ మనకు లేదు. ఖర్చులో పెద్దవి జిరాక్సు, షేర్ ఆటోలు, పోస్టు. పట్టిక కోశాధికారి చదువుతారు, కాపీలు వెనక బల్ల మీద ఉన్నాయి. రుసుము బాకీ ఉన్న సంఘాల జాబితా కూడా అక్కడే ఉంది, చదివి ఎవరినీ ఇబ్బంది పెట్టను.

కృతజ్ఞతలు

ఏడు పేజీలు, నాలుగు పేజీలు రాసిన తెలుగు పండితులు మాస్టారికి, తన పేరు వేయవద్దన్న వారి పట్టుదలకు కూడా. నేల మీద కూర్చుని ఫోటోలు తీసిన పిల్లలకు. రేకుల గది అద్దె అడగని ఫంక్షన్ హాలు యజమానికి, ఒక షరతుతో: పెళ్లిళ్ల సీజనులో మైకు పెట్టవద్దన్నారు, పెట్టలేదు. రాత్రి పదింటికి షట్టరు ఎత్తి జిరాక్సు తీసిన దుకాణం తమ్ముడికి, అరువు పుస్తకంలో మన పేజీ ఇంకా మూయలేదని గుర్తుచేస్తూ. ఆర్టీఐ అప్పీళ్లు రాసిపెట్టిన లాయరు గారికి. ఫోన్ ఎత్తిన అధికారులకు. డ్యూటీలు ముగించుకుని వచ్చి మళ్లీ మా పని చేసిన ఆశా, అంగన్‌వాడీ అక్కలకు. పారిశుద్ధ్య కార్మికుల కూటమికి. టీ కాచిన ఇద్దరు అక్కలకు. ప్లాస్టిక్ కవరు పట్టుకొచ్చిన మత్స్య సంఘం అధ్యక్షుడికి. ఆయన ఇవాళ రాలేదు, చెరువులో వల వేసి ఉందట. ఎవరినైనా మరిచిపోతే భోజనాల దగ్గర చెప్పండి, మినిట్స్‌లో చేర్పిస్తాను.

ఈ సభ ఆమోదం కోరుతున్న తీర్మానాలు మూడు. వలస కార్మికులు ఒక సంఘంగా నమోదు చేసుకోవడానికి కావలసిన సాయం మన సమాఖ్య చేయాలి, హిందీ, ఒడియా తెలిసినవాళ్లు ముందుకు రావాలి. పేపరులో నోటీసులు వెతకడానికి వారానికి ఒకరు చొప్పున వంతులు వేసుకోవాలి, ఎప్పుడూ బజ్జీల పొట్లం మీద ఆధారపడలేం. కార్యదర్శి పదవికి ఈసారి వేరొకరిని ఎన్నుకోవాలి. ఇది నాలుగోసారి అడుగుతున్నాను. పోయినసారి ఈ మాట వచ్చేసరికి అందరూ భోజనాలకు లేచారు, అందుకని ఈసారి భోజనాలు తీర్మానాల తర్వాత పెట్టించాను.

కార్యదర్శి
సంగారెడ్డి జిల్లా